క్రిస్టఫర్ మార్లో కవి: ఫాస్టసు నాటకము

ఆంగ్లభాషయందు విషాదాంత నాటకమునకు గౌరవము గల్పించిన కవులలో క్రిస్టఫర్ మార్లో ప్రథమగణ్యుడు. ఈతడు 1564వ సంవత్సరమున కాంటర్బరీ పట్టణమునందు పాదరక్షలు కుట్టి జీవించు నొకని యింట జన్మించెను. షేక్స్పియరు మహాకవియు నా యేటనే పుట్టెను. మార్లో విద్యార్థివేతనమును బడసి స్వపట్టణమందలి కింగ్సు పాఠశాలయందును, పిమ్మట కేంబ్రిడ్జి యందలి కార్పస్ క్రిస్టి కళాశాలయందును జదివి, 1584లో బి.ఏ., 1587లో ఎం.ఏ. పట్టములు పొందెను. కేంబ్రిడ్జిలో నాతడు పొందిన వేతనము క్రైస్తవ గురుత్వమునకు సిద్ధపడువారి నుద్దేశించి యేర్పడినది. అయినను ఆతడు బోధకుడు గాక నాటకకర్త యయ్యెను. తైమూరు చక్రవర్తిని గూర్చిన నాటకముతో లండను రంగస్థలముపై నాతని పేరు మ్రోగెను.

ఆతని కృతులలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫాస్టసు నాటకము. విట్టెన్బర్గు పండితుడగు ఫాస్టసు సకల శాస్త్రములు చదివియు దృప్తి నొందక, ఇరువదినాలుగేండ్ల భోగమునకై తన యాత్మను లూసిఫరునకు రక్తముతో వ్రాసి యిచ్చును. గడువు ముగిసిన రాత్రి నరకము పాలగును.

ఈ నాటకము కవి జీవితకాలమున నచ్చుపడలేదు. 1604లో నొక ప్రతియు, 1616లో దానికంటె పెద్దదగు వేరొక ప్రతియు వెలువడెను. మలి ప్రతిలో రమారమి 676 పంక్తులు హెచ్చుగా నున్నవి. 36 పంక్తులు లోపించినవి. 1602లో హెన్స్లో యను నాటకశాలాధిపతి యీ నాటకమునకు చేర్పులు వ్రాసినందుకు బర్డు, రౌలీ యను నిరువురకు నాలుగు పౌనులు చెల్లించినట్లు ఆతని లెక్కలలో గలదు. 1606లో రంగస్థలముపై దైవనామమును వ్యర్థముగా నుచ్చరింపరాదని శాసనమయ్యెను. కనుకనే కాబోలు, తొలి ప్రతిలో ఫాస్టసు కడపటి క్షణమున దేవునికే మొఱపెట్టగా, మలి ప్రతిలో స్వర్గమునకు మొఱపెట్టును.

భేదములలో నొకటి మిక్కిలి గంభీరమైనది. తొలి ప్రతిలో సద్దూత, ఫాస్టసు పశ్చాత్తాపపడ గలిగినచో కాలము మించిపోలేదని తెల్పును. మలి ప్రతిలో పశ్చాత్తాపపడ నిచ్చగించినచో నని తెల్పును. ఒక్క పదమే మాఱినది, అర్థమెంతయో మాఱినది. మొదటిదానిలో, పాపముచే గట్టిపడిన హృదయమునకు మరలు శక్తి మిగిలినదా యను భయము గలదు. రెండవదానిలో ద్వారము తెఱచియే యున్నది. లోపము వాని యిచ్చయందే. కాని యా మలి ప్రతిలోనే, ఫాస్టసు వేదగ్రంథమును జదువునపుడు పుటలు త్రిప్పి త్రోవ దప్పించినవాడను తానేయని పిశాచము చివర నొప్పుకొనును. కావున నే ప్రతియు ప్రశ్నను సులభముగా దీర్చదు.

మన మార్టూరు సీమలో మిరపకాయలను గల్లమున నారబోసి తాలుకాయల నేరివేయుదురు. గ్రంథముల విషయమున నట్లొక ప్రతిని తాలని పాఱవేయ వీలులేదు. వేమన పద్యములు ప్రతికొక తీరున నుండగా సి.పి. బ్రౌను దొర పెక్కు వ్రాతప్రతులను బోల్చిచూచి 1829లో గ్రంథము ప్రకటించెను. అటులనే 1950లో గ్రెగ్ అను పండితుడు ఫాస్టసు ప్రతులు రెంటిని ఎదురెదురుగా ముద్రింపించెను. ఆయన మలి ప్రతి పక్షము వహించెను. తరువాతి పండితులు పెక్కుమంది తొలి ప్రతినే కవి రచనకు సమీపమని యెంచిరి.

కవి మరణమునకును పాఠాంతరములు గలవు. 1593 మే నెలలో మార్లో నిర్బంధమునకు ఆజ్ఞ వెలువడెను. ఆ నెల 30వ తేదీన డెట్ఫర్డు గ్రామమున, భోజనపు సొమ్ము విషయమైన కలహములో ఫ్రైజరు అనువాని కత్తిపోటున నాతడు మరణించెనని విచారణలో దేలెను. అప్పటికి వయస్సు 29 ఏండ్లు. 1597లో బియర్డు అను గ్రంథకర్త, మార్లో దైవదూషకుడనియు, లండను వీథిలో తన బాకుచేతనే కూలుట దైవశిక్ష యనియు వ్రాసెను. జనులు దానిని నమ్మిరి. 1925లో హాట్సన్ పండితుడు నాటి విచారణ పత్రమును వెలికిదీసి ప్రకటించుటతో నా కథలోని పొరపాట్లు బయలుపడెను.

విద్యార్థులారా! ఫాస్టసు గతిని నిర్ణయించుటకే రెండు ప్రతులు చూడవలసియుండగా, సజీవుడగు పొరుగువానిని ఒక్కరి మాటపై దోషిగా నెంచుట తగునా? పాపమునకు భయపడుదము, పాపికి తీర్పు చెప్పుటకు మాత్రము త్వరపడకుందము. మరలుటకు శక్తియు, ఇచ్చయు రెండును మనయం దుండగనే మరలుట మేలని మేము తలంచుచున్నాము.