ఇరవై రెండేళ్ళ ముసలాయన

ఒకాయన సాయంత్రం పూట ఒక టీ పార్టీకి బయల్దేరతాడు. అక్కడ ఒకామెని ఏదో అడగాలి. మెట్ల దగ్గరికొచ్చాక పైకెళ్ళాలా, వెనక్కి తిరగాలా అని తన్నుకుంటాడు. జుట్టు పల్చబడింది, వాళ్ళు గమనిస్తారేమో. చేతులూ కాళ్ళూ సన్నబడ్డాయి, నవ్వుకుంటారేమో. గదిలో ఆడవాళ్ళు మైకెలాంజెలో గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. కవిత అయిపోతుంది గానీ ఆయన నోరు తెరవడు. ఆ ప్రశ్న ఏంటో మనకీ చెప్పడు.

'ది లవ్ సాంగ్ ఆఫ్ జె. ఆల్ఫ్రెడ్ ప్రూఫ్రాక్' మొదటిసారి చదివినప్పుడు, రాసినాయనకి యాభై దాటి ఉంటాయనుకున్నాను. కాదు. టి.ఎస్. ఎలియట్ దీన్ని 1910లో మొదలుపెట్టి 1911లో పూర్తిచేశాడు. అప్పటికి 22 ఏళ్ళు. అంటే మన ఫైనల్ ఇయర్ వాళ్ళ వయసు!

ఎలియట్ 1888లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. ఇంట్లో ఆఖరివాడు, అమ్మానాన్నలకి అప్పటికే నలభై దాటాయి. నాన్నది ఇటుకల కంపెనీ, అమ్మ కవితలు రాసేది. పుట్టుకతోనే హెర్నియా ఉండటంతో మిగతా పిల్లలు ఆడుకుంటుంటే తను పక్కన కూర్చుని చదువుకునేవాడు. హార్వర్డ్‌కి వెళ్ళాక ఆ బిడియం పోగొట్టుకోవడానికి డాన్స్ క్లాసులకి వెళ్ళాడు, బాక్సింగ్ కూడా నేర్చుకున్నాడు. (జిమ్ మెంబర్‌షిప్ తీసుకున్న మన హాస్టల్ మిత్రులు గుర్తొస్తే తప్పు నాది కాదు.) 1908లో ఫ్రెంచ్ ప్రతీకవాద కవుల గురించిన ఒక పుస్తకం చేతికొచ్చింది. అందులో లాఫోర్గ్ అనే కవి పరిచయమయ్యాడు. తన బాధని తనే వెక్కిరించుకుంటూ రాయొచ్చని ఆయన దగ్గరే తెలిసింది.

మన క్లబ్ మీటింగ్‌లో ఈ కవిత చదివినప్పుడు చాలామంది ప్రూఫ్రాక్ పిరికివాడని తేల్చేశారు. నాకు అలా అనిపించదు. పిరికివాడు జరగబోయేదానికి భయపడతాడు. ఈయనకి జరగకముందే అంతా కనిపించేస్తుంది. గదిలోకి వెళ్ళకముందే, ఎదుటివాళ్ళ కళ్ళలోంచి తనని తను చూసేసుకుంటాడు, పిన్ను గుచ్చి గోడకి అతికించిన పురుగులా. సెమినార్‌లో పోడియం దగ్గర నిలబడి, స్లైడ్ వదిలేసి, వెనక బెంచీవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో లెక్కలేసుకున్న వాడెవడికైనా ఇది అర్థమవుతుంది. నాకైతే బాగా అర్థమైంది.

రాసిన కవిత కూడా ప్రూఫ్రాక్‌లాగే నాలుగేళ్ళు బయటికి రాలేదు. కాన్రాడ్ ఐకెన్ అనే స్నేహితుడు లండన్‌లో ఒక ఎడిటర్‌కి చూపిస్తే ఆయన వద్దన్నాడు. 1914లో ఎజ్రా పౌండ్ చదివి, షికాగోలోని 'పొయెట్రీ' పత్రికకి పంపి, వేసుకునేదాకా వెంటపడ్డాడు. చివరికి 1915 జూన్‌లో అచ్చయింది.

సరిగ్గా అదే నెలలో ఎలియట్, ప్రూఫ్రాక్ ఎన్నడూ చెయ్యలేని పని చేశాడు. కొద్ది నెలల కిందటే పరిచయమైన వివియన్ హే-వుడ్‌ని, ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా పెళ్ళి చేసుకున్నాడు. ధైర్యం చేస్తే అంతా బాగుపడుతుందనుకునే వాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. ఆ పెళ్ళి ఇద్దరినీ పీల్చి పిప్పి చేసింది. ఆమెకి ఎప్పుడూ అనారోగ్యం, ఈయనకి డబ్బు ఇబ్బంది. ఫిలాసఫీ థీసిస్ పూర్తిచేసి పంపినా, వైవాకి హార్వర్డ్ వెళ్ళనేలేదు, డాక్టరేట్ రాలేదు. 1917లో లాయిడ్స్ బ్యాంకులో చేరి ఎనిమిదేళ్ళు పనిచేశాడు. అదే ఏడు ప్రూఫ్రాక్ పుస్తకంగా వచ్చింది, 500 కాపీలు. పారిస్‌లో ఒకే ఇంట్లో అద్దెకున్న జాన్ వెర్డెనాల్ అనే మిత్రుడు యుద్ధంలో చనిపోతే, పుస్తకం అతనికి అంకితమిచ్చాడు. 1921లో ఎలియట్ మానసికంగా కుప్పకూలాడు. ఆ విశ్రాంతి రోజుల్లోనే 'ది వేస్ట్ లాండ్' చాలావరకు పూర్తయింది. వివియన్ 1947లో ఒక మానసిక చికిత్సాలయంలో కన్నుమూసింది. మరుసటి ఏడు ఈయనకి నోబెల్ వచ్చింది.

ఇంకొకామె సంగతి మిగిలింది. ఎమిలీ హేల్. 1914లో అమెరికా వదిలే ముందు ఎలియట్ ఆమెతో ప్రేమిస్తున్నానని చెప్పాడు. ఆమె నుంచి ఆశించిన స్పందన రాలేదు. తర్వాత 1930 నుంచి ఏళ్ళ తరబడి ఆమెకి ఉత్తరాలు రాశాడు, మొత్తం 1,131. వివియన్ పోయాక తనని చేసుకుంటాడని ఎమిలీ ఎదురుచూసింది. చేసుకోలేదు. 1957లో, 68 ఏళ్ళ వయసులో, తన సెక్రటరీ వాలెరీని పెళ్ళాడాడు. 1965లో చనిపోయాడు.

ఆయన రాసిన ఉత్తరాలు ప్రిన్స్‌టన్ లైబ్రరీలో పెట్టెల్లో ఉండి, 2020 జనవరిలో తెరుచుకున్నాయి. ఎమిలీ ఆయనకి రాసినవి మాత్రం లేవు. ఆయనే తగలబెట్టించాడు. ఆమె ఏం అడిగిందో మనకి తెలీదు.