బిల్లసర్గం తవ్విన ఫుట్ దొర

బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహల్లో పాతకాలపు ఎముకలున్నాయని 1844లో లోకానికి తెలిపింది న్యూబోల్డ్ అనే సైనికాధికారి. రాళ్ల పరిశీలన ఆయనకు ఉద్యోగం కాదు, సరదా. ఆ జాడ పట్టుకొని వచ్చినవారే రాబర్ట్ బ్రూస్ ఫుట్.

1834లో ఇంగ్లండులో పుట్టిన ఫుట్ 1858లో భూగర్భ సర్వే శాఖలో చేరారు. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో ఆయనకు దొరికిన రాతి పనిముట్టుతో మన దేశపు పాత రాతియుగం బయటపడింది.

1884లో బిల్లసర్గం తవ్వకాలలో కొడుకు హెన్రీ చేయి కలిపాడు. అతడూ సైనికుడే! నిధుల కోసం తవ్వేవారు పారేసే ఎముకలనే వీరు పొరపొరగా ఏరి భద్రపరిచారు. వాటిలో ఖడ్గమృగం ఎముకలున్నాయి. మన కొండల్లో ఖడ్గమృగమంటే ఇప్పుడెవరు నమ్ముతారు? పరిశీలించిన పండితుడు దానికి కర్నూలు పేరే పెట్టాడు.

ఫుట్ జీవితమంతా సేకరించిన పనిముట్లు మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1912లో ఆయన కన్నుమూశారు.