అన్నయ్య ఇచ్చిన పాత సైకాలజీ పుస్తకం

డిగ్రీలో స్టడీ ప్రాజెక్టు అనగానే మనలో చాలామందికి ముందుగా వచ్చే ఆలోచన ఏంటి? సీనియర్ చేసిన ఫైలు దొరుకుతుందా అని. దొరికితే పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చేసి, జిరాక్స్ సెంటర్‌లో స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేయొచ్చు. మార్కులు పడితే చాలు, ఆ తర్వాత గ్రూప్స్ కోచింగో, బ్యాంకు పరీక్షలో చూసుకోవచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... మీరు ఎక్కడ చదువుతున్నా ఈ ఆలోచన మీకు కొత్తేమీ కాదు.

విద్యార్థిగా తన థీసిస్‌ను అలా వదిలేయని ఒక తెలుగువాడి కథ ఇది. ఆయన పేరు మీకు తెలుసు. ఏటా సెప్టెంబర్ 5న ఆయన ఫొటోకు దండ వేస్తాం. అయితే సర్వేపల్లి రాధాకృష్ణన్ మొదటి పుస్తకాల్లో ఒకటి సైకాలజీ మీద అని ఎంతమందికి తెలుసు? నడివయసులో ఒక యువ పరిశోధకుడి థీసిస్ విషయంలో ఆయన పేరు కోర్టుకెక్కిన సంగతి? ఈ రెండూ టీచర్స్ డే స్పీచుల్లో వినిపించవు. ఉద్యోగం వెతుక్కునే మనకు మాత్రం బాగా పనికొస్తాయి.

ఎంచుకున్న సబ్జెక్టు కాదు, దొరికిన సబ్జెక్టు

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబర్ 5న తిరుత్తణిలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇంటిపేరులోని సర్వేపల్లి నెల్లూరు ప్రాంతంలోని పూర్వీకుల గ్రామం. తండ్రి వీరాస్వామిది రెవెన్యూలో చిన్న ఉద్యోగం. జీతం తక్కువ, ఇంట్లో మనుషులు ఎక్కువ. తిరుపతిలోని మిషన్ స్కూలు, వేలూరులోని వూర్హీస్ కాలేజీ, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ... చదువంతా చాలావరకు స్కాలర్‌షిప్పుల మీదే నడిచింది. చదువు పూర్తికాకముందే పెళ్లి కూడా అయింది.

డిగ్రీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయనకు ఏ కెరియర్ గైడెన్సూ లేదు. అదే కాలేజీలో చదువు ముగించుకున్న ఒక బంధువు, వరుసకు అన్నయ్య, తన పాత పుస్తకాలు ఇచ్చారు. వాటిలో జి.ఎఫ్. స్టౌట్ రాసిన సైకాలజీ మాన్యువల్ ఉంది. వెల్టన్ రాసిన తర్కశాస్త్రం, మెకంజీ రాసిన నీతిశాస్త్రం పుస్తకాలూ ఉన్నాయి. కొత్త పుస్తకాలు కొనే ఖర్చు తప్పింది కాబట్టి ఫిలాసఫీ ఖాయమైంది. ఆ రోజుల్లో మన కాలేజీల్లో సైకాలజీకి వేరే డిపార్ట్‌మెంట్ ఉండేది కాదు, ఫిలాసఫీలోనే ఒక పేపర్.

సీటు రాకపోవడం వల్లనో, ఫీజు తక్కువనో మీరు బీఏలో చేరి ఉండొచ్చు. దోస్త్‌లో పెట్టిన మొదటి ఆప్షన్ రాక, మూడోదో నాలుగోదో వచ్చి ఉండొచ్చు. అది చిన్నతనంగా అనిపిస్తే ఆ పాత పుస్తకాల సంగతి ఒకసారి తలుచుకోండి. సబ్జెక్టు ఎలా దొరికిందన్నది ఆయన చేతుల్లో లేదు. దొరికాక ఏం చేశారన్నదే ఆయనది.

మనసును గుచ్చిన ప్రశ్న

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లలో మిషనరీలు ఎక్కువ. హిందూ ఆలోచనలో, ముఖ్యంగా వేదాంతంలో, నీతికి చోటు లేదన్న విమర్శ అప్పట్లో గట్టిగా వినిపించేది. ప్రపంచమే మాయ అయితే మంచి చెడులకు విలువ ఎక్కడిది అన్నది ఆ విమర్శ సారాంశం. ఇంట్లో చూస్తూ పెరిగిన నమ్మకానికి, క్లాసులో వింటున్న విమర్శకు మధ్య ఆ కుర్రాడు నలిగిపోయారు.

ఎంఏ కోసం థీసిస్ రాయాల్సి వచ్చినప్పుడు ఆ ప్రశ్ననే పట్టుకున్నారు. వేదాంతంలో నీతి, దాని వెనకున్న తాత్విక పునాదులు అనేదే అంశం. థీసిస్‌ను చూసే ప్రొఫెసర్ ఎ.జి. హాగ్ స్వయంగా స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ. ఆయనకు కోపం వస్తుందేమోనన్న భయం ఉండనే ఉంది. మార్కులూ, సర్టిఫికెట్టూ, రేపటి ఉద్యోగమూ ఆ ప్రొఫెసర్ మాట మీదే ఆధారపడి ఉన్నాయి మరి. అయినా అంశం మార్చలేదు. హాగ్ కోప్పడలేదు, పైగా థీసిస్ చాలా బాగుందని మెచ్చుకున్నారు. 1908లో అది పుస్తకంగా అచ్చయింది. అప్పటికి రచయిత వయసు 20.

ఎక్కడినుంచో తెచ్చిన టాపిక్ అయితే ఆ థీసిస్ అంత దూరం వెళ్లేది కాదు. తనను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న కాబట్టే, ఎదుటివాళ్లు అడిగినప్పుడు జవాబు చెప్పగలిగారు. ఇవాళ ఇంటర్వ్యూ బోర్డు కూడా అదే అడుగుతుంది. ఈ ప్రాజెక్టులో మీరు ఏం చేశారు, ఎందుకు చేశారు, ఏం తేలింది? జిరాక్స్ ఫైలు దగ్గర ఈ మూడింటికీ జవాబు ఉండదు.

ట్రెయినింగ్‌లోంచి వచ్చిన పుస్తకం

పై చదువుకు విదేశాలకు వెళ్లే స్థోమత లేదు, ఉద్యోగం తప్పనిసరి. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. లెక్చరర్‌గా కొనసాగాలంటే టీచర్ ట్రెయినింగ్ కావాలి. మన బీఈడీ లాంటిదే అనుకోండి. దానికోసం సైదాపేట వెళ్లారు. అక్కడి సిలబస్‌లో సైకాలజీ ఉంది. స్టౌట్ పుస్తకం అప్పటికే నమిలి మింగిన మనిషి కదా, తోటి ట్రెయినీలకు తానే సైకాలజీ పాఠాలు చెప్పారు. ఆ పాఠాలే 1912లో ‘ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ’ పుస్తకంగా వచ్చాయి.

ఆ తేదీని ఇంకో తేదీ పక్కన పెట్టి చూడండి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ సైకాలజీ ల్యాబ్ పెట్టింది 1879లో. మన దేశంలో మొదటి సైకాలజీ డిపార్ట్‌మెంట్ కలకత్తా యూనివర్సిటీలో మొదలైంది 1916లో. అంటే దేశంలో ఆ డిపార్ట్‌మెంట్ పుట్టడానికి నాలుగేళ్ల ముందే, ఒక తెలుగు ట్రెయినీ తోటివాళ్లకు చెప్పిన పాఠాలు పుస్తకమయ్యాయి. ఆయన ల్యాబ్‌లో ప్రయోగాలు చేసిన సైకాలజిస్టు కాదు, తర్వాత ఫిలాసఫీ వైపే వెళ్లిపోయారు. కానీ ట్రెయినింగ్ అంటే సర్టిఫికెట్ కోసం గడిపే కాలం అనుకోలేదు.

ఆ తర్వాతి మెట్లు మీకు తెలిసినవే. రాజమండ్రిలో కొంతకాలం, 1918లో మైసూరు, 1921లో కలకత్తా యూనివర్సిటీ. 1926లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాలకు పిలిచింది. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్. 1936లో అదే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. చదువుకోవడానికి విదేశాలకు వెళ్లలేకపోయిన మనిషి, పాఠం చెప్పడానికి వెళ్లారు.

దండ వేసేటప్పుడు చెప్పని సంగతి

1929లో ఈ కథ ఒక మలుపు తిరిగింది. జదునాథ్ సిన్హా అనే యువ పరిశోధకుడు అంతకుముందే కలకత్తా యూనివర్సిటీకి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ స్టూడెంట్‌షిప్ కోసం ఒక థీసిస్ ఇచ్చారు. అంశం భారతీయ మనోవిజ్ఞానంలో ప్రత్యక్షం. కళ్లతో చూసేది, చెవులతో వినేది మనసుకు ఎలా తెలుస్తుందని మన దర్శనాలు చెప్పాయన్నమాట. రాధాకృష్ణన్ ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండో సంపుటం 1927లో వచ్చింది. అందులో తన థీసిస్‌లోని భాగాలు ఉన్నాయని సిన్హా ‘మోడరన్ రివ్యూ’ పత్రికలో ఆరోపించారు. రాధాకృష్ణన్ దాన్ని ఖండించారు. ఇద్దరూ అవే సంస్కృత గ్రంథాల మీద ఆధారపడినప్పుడు పోలికలు సహజమన్నది ఆయన వాదన. విషయం కోర్టుకెళ్లింది, రెండు వైపుల నుంచీ దావాలు పడ్డాయి. చివరికి 1933లో రాజీ కుదిరింది. కోర్టు ఎవరిది తప్పో తేల్చలేదు. మరుసటి ఏడాది, 1934లో, సిన్హా పుస్తకం లండన్‌లో అచ్చయింది.

ఎవరి పక్షమో మనం తీర్పు చెప్పాల్సిన పని లేదు. కానీ ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, పేరున్న ప్రొఫెసర్ మీద కూడా ఒక యువ పరిశోధకుడు నిలబడి అడగగలిగారు. కారణం, తన పని కాగితం మీద, తేదీలతో, యూనివర్సిటీ రికార్డులో ఉంది. రెండు, ఏ మాట ఎక్కడినుంచి తీసుకున్నామో రాయడం ఫార్మాలిటీ కాదు. జీవితమంతా కష్టపడి సంపాదించిన పేరు కూడా ఆ విషయంలో ప్రశ్నకు గురికావచ్చు. ఇవాళ పరిశోధన గ్రంథాల్లో పోలికలు పదిశాతం దాటితే చర్యలుంటాయని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. చాట్‌బాట్ రాసిచ్చిన రిపోర్టు కింద సంతకం పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

మీ ఊళ్లో మీ ప్రశ్న

రాధాకృష్ణన్ 1948లో యూనివర్సిటీ విద్యా కమిషన్‌కు చైర్మన్ అయ్యారు, 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. ఆయన కాలంలో విద్యార్థికి దొరకనివి ఇప్పుడు మీ చేతిలో ఉన్నాయి. మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జిజ్ఞాస స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టులు ఉన్నాయి. సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, ఎంపికైతే రెండు నెలలు పేరున్న ల్యాబ్‌లో పనిచేయొచ్చు. ల్యాబ్ లేకపోయినా సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ఒక పాత ల్యాప్‌టాప్ మీద, మనిషి ఎంత వేగంగా స్పందిస్తున్నాడో మిల్లీసెకన్లలో కొలవొచ్చు. లెక్కలకు జాస్ప్ ఉంది, అదీ ఉచితమే. ఇంజినీరింగ్ చదివిన నాలాంటివాళ్ల సాయం కావాలంటే మీ ఊళ్లోనే దొరుకుతుంది.

ఇక ప్రశ్నలంటారా, అవి మీ చుట్టూనే ఉన్నాయి. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య రాత్రి షిఫ్టు చేసినవాళ్ల ఏకాగ్రత పొద్దున ఎలా ఉంటుంది? జగిత్యాలలో నాన్న గల్ఫ్‌లో ఉండి వీడియో కాల్‌లో మాత్రమే కనిపించే పిల్లలు ఆ దూరాన్ని ఎలా తట్టుకుంటున్నారు? కోరుట్లలో గంటల తరబడి బీడీలు చుట్టే అమ్మల చేతులకు అలవాటైన పనిలో మనసు ఎటు పోతుంది? వీటికి జవాబు గూగుల్‌లో లేదు, మీరు వెళ్లి అడగాలి.

అడిగేముందు కొన్ని జాగ్రత్తలు. గైడ్‌గా ఒక లెక్చరర్ ఉండాలి. ఎందుకు అడుగుతున్నారో ఎదుటివాళ్లకు తెలుగులో చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. పేర్లు రాసుకోవద్దు. 30 మందిని అడిగి సిరిసిల్ల అంతా ఇంతే అని రాయొద్దు, 30 మంది దగ్గర ఇలా కనిపించింది అని రాయండి. ఆత్మహత్యల్లాంటి విషయాలు శిక్షణ లేకుండా ముట్టుకోవద్దు. ఎవరైనా బాధలో ఉన్నారనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. మీకే అలా అనిపించినా అదే నంబరు.

ఒక్క ప్రాజెక్టుతో ఉద్యోగం వచ్చేస్తుందని చెప్పను. కానీ ఎంఏ సైకాలజీ ఎంట్రన్స్‌కు వెళ్లినా, కౌన్సెలింగ్ వైపు వెళ్లినా, సాఫ్ట్‌వేర్ కంపెనీలో యూజర్ రీసెర్చ్ అడిగినా, చూపించడానికి మీదంటూ ఒకటి ఉంటుంది. ఫైలు ఇచ్చేశాక మీ పుస్తకాలు మాత్రం అమ్మేయకండి. మీ ఇంట్లోనో, వీధిలోనో డిగ్రీలో చేరబోయే తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకివ్వండి.