ఫ్రాయిడ్ మహాశయుని దవడ

మనస్తత్వ శాస్త్రం అనగానే గుర్తొచ్చే పేరు సిగ్మండ్ ఫ్రాయిడ్. బి.ఇడి. చేసిన మన సీనియర్లు ఆయన సిద్ధాంతాలు బట్టీపట్టే ఉంటారు. కానీ ఆ మహనీయుడు చివరి 16 ఏళ్లు దవడ క్యాన్సర్‌తో ఎలా బతికారో మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు.

ఫ్రాయిడ్ 1856 మే 6న నేటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఫ్రైబర్గ్‌లో జన్మించారు. తండ్రి చిన్నపాటి ఉన్ని వ్యాపారి. ఎనిమిది మంది పిల్లల్లో ఈయనే పెద్ద. వియన్నాలో చదివి 1881లో డాక్టరయ్యారు. కలల మీద పుస్తకంతో ప్రపంచ ప్రసిద్ధి పొందారు. అయితే రోజుకు ఇరవై దాకా సిగార్లు కాల్చేవారు. సిగారంటే మన చుట్టలాంటిదే!

1923లో అంగిలి కుడివైపు పుండు కనబడింది. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే అవ్వలకు క్యాన్సర్ వచ్చేది కూడా ఈ అంగిలిలోనే. మొదటి ఆపరేషన్‌లో రక్తస్రావంతో ప్రాణం మీదికి వచ్చింది. ఆ తర్వాత ఎక్స్‌రేలు, రేడియం పెట్టారు. మన ఊళ్లలో కరెంటు పెట్టించడం అంటారే, అదే. అప్పటికి డోసు కొలిచేందుకు అంతర్జాతీయ ప్రమాణం కూడా లేదు. అది 1928లో వచ్చింది.

అక్టోబరులో హాన్స్ పిష్లర్ అనే సర్జన్ పై దవడ, అంగిలి చాలా భాగం, కింది దవడలో కొంత తొలగించారు. నోటికీ ముక్కుకూ మధ్య అడ్డు లేకుండా పోయింది. ఆ ఖాళీని మూయడానికి పెద్ద కట్టుడు దవడ అమర్చారు. అది లేకపోతే మాటా లేదు, భోజనమూ లేదు. దాన్ని తీసి పెట్టడం చిన్న కూతురు అన్నా పని. ఎన్నిసార్లు మార్చినా అది ఒరుసుకుని పుండ్లు పడేవి. మొత్తం ముప్పైకి పైగా ఆపరేషన్లు జరిగాయి. కుడి చెవి వినబడక కుర్చీ స్థానం మార్చుకుని ఎడమ చెవితో రోగుల మాటలు విన్నారు.

రేడియేషన్ క్యాన్సర్ కణాలతో పాటు ఎముకలోని సన్నని రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. రక్తం అందని ఎముక గాయాన్ని మాన్పుకోలేదు. కింది దవడకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఇప్పుడు కాలి ఎముక తెచ్చి దవడ కడుతున్నారు, అందులో టైటానియం ఇంప్లాంట్లు బిగిస్తున్నారు. స్వీడన్‌లో బ్రానెమార్క్ 1965లో మొదటిసారి మనిషికి వీటిని పెట్టారు. ఎముక ఆ లోహాన్ని పట్టుకోవడానికి నెలలు పడుతుంది. రేడియేషన్ తగిలిన ఎముక అలా పట్టుకోకపోవచ్చు. అందుకే ఇంప్లాంట్ రేడియేషన్‌కు ముందా, తర్వాతా అని డాక్టర్లు ఇంకా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. ఫ్రాయిడ్‌కు ఎక్స్‌రేలు పెట్టిన హోల్జ్‌నెక్ట్ కూడా ఆ కిరణాల వల్లే చెయ్యి పోగొట్టుకుని 1931లో మరణించారు.

1938లో నాజీల వల్ల ఫ్రాయిడ్ లండన్ చేరారు. పిష్లర్ అక్కడికే వచ్చి సెప్టెంబరులో చెంప కోసి ఆపరేషన్ చేశారు. ఆ గాయం మానలేదు. నెలల తర్వాత చచ్చిన ఎముక ముక్క బయటపడింది. అందులో కత్తి వల్ల ఎంత, కిరణాల వల్ల ఎంత అన్నది విడదీయలేం. 1939లో మళ్లీ రేడియం, రోజూ ఎక్స్‌రేలు. చెంప కుళ్లి, ఆయనకెంతో ఇష్టమైన కుక్క కూడా ఆ వాసనకు దగ్గరికి రాలేదు. ఈగలు వాలకుండా మంచానికి తెర కట్టారు. అయినా ఆగస్టు వరకు రోగులను చూస్తూనే ఉన్నారు. సెప్టెంబరు 23న కన్నుమూశారు.