వంటింటి బల్ల మీద పుట్టిన వైద్యం
(డాక్టర్ ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ జీవిత రేఖలు)

మన చౌటుప్పల్‌లో హైదరాబాద్–విజయవాడ రహదారి నుండి భువనగిరి రోడ్డు చీలే చోట ఒక్క లారీ అడ్డంగా నిలిచిపోతే చాలు, రెండు దారులూ ఆగిపోతాయి. గుండె రక్తనాళం కొమ్మలుగా చీలే చోట పూడిక ఏర్పడితే జరిగేదీ అదే. ఛాతీ కోయకుండానే గుండె నాళంలోని పూడికను తెరవవచ్చునని చూపిన మహనీయుడు డాక్టర్ గ్రూంట్‌జిగ్.

ఆయన 1939 జూన్ 25న జర్మనీలోని డ్రెస్డెన్‌లో జన్మించారు. తండ్రిని యుద్ధం పొట్టన పెట్టుకున్నది. తూర్పు జర్మనీలో పెరిగి, పశ్చిమానికి తప్పించుకొని వచ్చి, హైడెల్‌బర్గ్‌లో వైద్యం చదివారు. 1969లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో చేరారు.

1964లో అమెరికాలో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు కాలి నాళాన్ని గొట్టాలతో వెడల్పు చేశాడు. ఆ గొట్టానికి ఒక చిన్న బెలూన్ అమర్చితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన గ్రూంట్‌జిగ్‌ను నిద్రపోనివ్వలేదు. ఇంట్లో వంటింటి బల్లే ఆయనకు ప్రయోగశాల. భార్య, సహాయకురాలు, ఆమె భర్త తోడు కూర్చొని ప్లాస్టిక్ బెలూన్లు తయారుచేశారు. 1974లో కాలి నాళంలో ఆ బెలూన్‌ను వాడారు. 1977 సెప్టెంబరు 16న 38 ఏళ్ళ రోగి మెలకువగా ఉండగానే అతని గుండె నాళాన్ని తెరిచారు. ఆ పూడిక కూడా కొమ్మ చీలే చోటుకు దగ్గరలోనే ఉండింది.

అంతటితో చేతులు దులుపుకోలేదాయన. 1979లో మొదటి 50 మంది ఫలితాలు ప్రకటించినప్పుడు 32 మందికే సఫలమైందని దాపరికం లేకుండా రాశారు. జ్యూరిక్‌లో చూసిన 169 మంది రోగులనూ ఏళ్ళ తరబడి గమనించే ఏర్పాటు చేశారు. నాళం తెరుచుకున్నవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి మళ్ళీ పూడుకున్నదని తేలింది. ఆ లెక్కలు 1987లో అచ్చయ్యేనాటికి ఆయన లేరు. 1980లో అమెరికా వెళ్ళి ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, 1985 అక్టోబరు 27న స్వయంగా నడుపుతున్న విమానం కూలి భార్యతో సహా మరణించారు. అప్పటికి వయస్సు 46 ఏళ్ళే. మరుసటి ఏడే మనిషి గుండెలో మొదటి స్టెంటు పడింది. తొలి రోగి నాళం మాత్రం 23 ఏళ్ళ తర్వాత చూసినా తెరుచుకునే ఉంది!

కొమ్మ చీలే చోట స్టెంటు వేస్తే పూడిక పక్క కొమ్మ మూతిలోకి జరగవచ్చు. కనుక రెండు దారులకూ రెండు స్టెంట్లు వేస్తేనే మేలని ఎవరికైనా తోస్తుంది. కాని ఏళ్ళ తరబడి రోగులను గమనించగా, చాలామందికి పెద్ద దారిలో ఒకటి వేసి, అవసరమైతేనే రెండోది వేస్తే సరిపోతుందని తేలింది. ఎడమ ప్రధాన నాళం చీలిక దగ్గర జటిలమైన పూడిక ఉన్నప్పుడు మాత్రం మొదటే రెండు వేయడం మేలు కావచ్చు. ఈ తేడా ఆపరేషన్ నాడు కనిపించేది కాదు, ఏళ్ళు గడిస్తేనే తెలిసేది.

మిత్రులారా! స్టెంటు పడింది కదా, ఇక రోగం పోయిందని మందులు మానేసేవాళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు. స్టెంటు ఒక్క చోటును తెరుస్తుందే గాని రోగాన్ని తుడిచివేయదు. ఇంటికి పోయి పెద్దవాళ్ళకు ఈ ముక్క చెప్పండి. డాక్టరును అడగకుండా మాత్రలు ఆపనివ్వకండి, పరీక్షల గడువు దాటనివ్వకండి. గ్రూంట్‌జిగ్‌కు మనం అర్పించగల నివాళి అదే.