శ్రీ కూరేశుల గృహస్థాశ్రమము

శ్రీరామానుజుల దివ్యచరిత్రను పఠించు భక్తులకు కూరేశుల నామము సుపరిచితము. బోధాయన వృత్తిని రాత్రులయందు చదివి కంఠస్థము చేసిన మేధాశాలిగా, శ్రీభాష్య రచనయందు యతిరాజులకు లేఖకులుగా, పంచస్తవకర్తగా లోకము వారిని స్మరించుచున్నది. అయితే ఈ మహనీయులు మఠమున వసించిన యతీశ్వరులు కారు. కాషాయమును జీవితమున ఒక్కమారు మాత్రము ధరించిరి. ఆ కథ ముందు వచ్చును. తక్కిన జీవితమంతయు భార్యాపుత్రులతో కూడిన గృహస్థాశ్రమముననే గడచినది. ఆ యింట పొయ్యి యెట్లు వెలిగినదో, వెలుగని నాడు ఆ దంపతులు ఎట్లు కాలము గడపిరో తెలుపు వృత్తాంతములు గురుపరంపరా గ్రంథములలో కలవు. సంసారమున నలుగుచున్న భక్తులకు అవి మిక్కిలి ఆదరణీయములు.

కాంచీపురమునకు సమీపమున కూరమను గ్రామము కలదు. హారీత గోత్రమున, మకరమాసమున హస్తా నక్షత్రమునందు వారు అచట జన్మించిరి. తల్లిదండ్రులు ఉంచిన పేరు శ్రీవత్సాంకుడు. 1017వ సంవత్సరమున అవతరించిన శ్రీరామానుజులకంటె వారు వయస్సున కొంత పెద్దలు. అయినను ఆచార్యునిగా రామానుజులనే వరించి, ముదలియాండానుతో పాటు తొలి శిష్యులలో ఒకరైరి. సహధర్మచారిణి ఆండాళమ్మ.

కూరేశులు పుట్టు దరిద్రులు కారు. గాదెలనిండ ధాన్యము, ఇంటినిండ పరిజనము కల శ్రీమంతులు. ఉదయము మొదలు రాత్రి వరకు ఆ యింట అన్నదానము జరుగుచుండెడిది. చివరి అతిథి భుజించి వెడలిన పిమ్మటగాని వీధి తలుపులు మూసెడివారు కారు. ఆ తలుపులు మూయు ధ్వని ఒకనాటి రాత్రి కంచి వరకు వినబడెనట. అది ఏమి ధ్వనియని పెరుందేవి తాయారు ప్రశ్నింపగా వరదరాజస్వామి కూరేశుల దానమహిమను వివరించెననియు, అంతటి దాతను తాను చూడవలెనని అమ్మవారు కోరెననియు, ఆ వార్తను కాంచీపూర్ణులు కూరమునకు తెచ్చిరనియు పెద్దలు చెప్పుదురు. మరియొకరైనచో ఈ కీర్తికి పొంగిపోయెడివారు. కూరేశులు మాత్రము సిగ్గుపడిరి. తన తలుపుల చప్పుడు స్వామి సన్నిధికి చేరుట తన ధనగర్వము అచటికి చేరుటగానే వారికి తోచెను. సర్వస్వమును పంచియిచ్చి, కట్టుబట్టలతో శ్రీరంగమునకు ప్రయాణమైరి.

దారిలో అడవి అడ్డుపడెను. చీకటి క్రమ్ముచుండగా వెనుక నడచుచున్న ఆండాళమ్మ, ఈ మార్గమున దొంగల భయము కలదా యని మెల్లగా అడిగెను. చేత ఏమియు లేనివారికి భయమేల, నీ యొద్ద ఏమైన ఉన్నదా యని భర్త ప్రశ్నించిరి. ఆమె కొంగుచాటున ఒక బంగారు గిన్నె ఉండెను. అది తన కొరకు తెచ్చుకొన్నది కాదు. పుట్టినది మొదలు బంగారు పాత్రయందు ఆరగించిన భర్త మట్టిపాత్రలో ఎట్లు భుజించునని తలంచి, దానినొక్కదానిని వెంట తెచ్చెను. కూరేశులు ఆ గిన్నెను తీసికొని పొదలలోనికి విసరివైచిరి. ఇక భయము లేదు, నడువుమనిరి. ఆమె నడచెను. ఈ కథను చెప్పువారు కూరేశుల వైరాగ్యమునే కొనియాడుదురు. ఆండాళమ్మ త్యాగము దానికేమియు తీసిపోదు. ధనమును త్యజించుట ఆయన సంకల్పము. ఆ సంకల్పమునకు తగినట్లు దినదినము వంట చేయుట మాత్రము ఆమె వంతైనది.

గృహస్థులను ధాన్యసంగ్రహమును బట్టి ధర్మశాస్త్రము నాలుగు విధములుగ చెప్పినది. గాదెనిండ నిలువ కలవాడు కుసూలధాన్యకుడు. కుండనిండ మాత్రమే కలవాడు కుంభీధాన్యకుడు. మూడు దినములకు సరిపడు గింజలు కలవాడు త్ర్యహైహికుడు. రేపటికి ఏమియు లేనివాడు అశ్వస్తనికుడు. వీరిలో ముందు చెప్పబడినవానికంటె వెనుక చెప్పబడినవాడు శ్రేష్ఠుడని మనువు నిర్ణయము. లోకము ఎక్కదలచు మెట్లకు ఇది తలక్రిందుల వరుస! కూరేశులు మొదటి మెట్టునుండి నాలుగవ మెట్టునకు ఒక్క ప్రయాణముతో చేరిరి.

శ్రీరంగమున వారు అవలంబించినది ఉంఛవృత్తి. కోత ముగిసిన పొలములయందు రాలిన గింజలను ఏరుకొనుట ఆ మాటకు మూలార్థము. రానురాను, వీధులవెంట భగవన్నామమును కీర్తించుచు పోయి, గృహిణులు వైచిన పిడికెడు బియ్యమును గ్రహించుట కూడ ఉంఛవృత్తియనియే వ్యవహరింపబడుచున్నది. ఇది యాచన కాదు. ఏ గుమ్మము ముందును నిలిచి దేహియని అడుగుట ఉండదు. నాటికి చాలినంత లభించినచో మరియొక గడప చూడక వెనుదిరుగవలెను. ఎక్కువ దొరకిన దినమున రేపటికని దాచుటయు లేదు. వేలమందికి వడ్డింపజేసిన ఆ చేతులు పిడికెడు బియ్యమునకు చాపబడిన కాలమున కూరేశుల ముఖమున విచారరేఖ కనబడినదని ఏ గ్రంథమును చెప్పలేదు. తెచ్చిన బియ్యము వండి, స్వామికి నివేదించి, మిగిలిన కాలమంతయు గ్రంథ కాలక్షేపమున, ఆచార్య కైంకర్యమున గడపుచుండిరి. చరమశ్లోకార్థమును పొందుటకై ఒక మాసము ఉపవసించి గురువు వాకిట నిలిచిన వారికి, ఒక పూట పస్తు లెక్కింపదగిన విషయము కాదు.

అయితే ఇంటి పస్తు ఉపవాసము వంటిది కాదు. ఉపవాసము తాను కోరి చేయునది. పస్తు చెప్పక వచ్చునది. ఒకనాడు ఉదయము మొదలు ఎడతెరపి లేని వాన కురిసెను. వీధిలోనికి అడుగిడ వీలులేకపోయెను. బియ్యము లేదు, పొయ్యి వెలుగలేదు. కూరేశులు తీర్థము మాత్రము స్వీకరించి, గ్రంథము ముందు కూర్చుండి, ఆకలి మాటయే మరచిరి. రాత్రి ప్రొద్దుపోయిన పిదప శ్రీరంగనాథుని ఆలయమున అరవణ నివేదనకు గంట మ్రోగెను. నేతితో, బెల్లముతో పాకము చేసిన ఆ ప్రసాదము స్వామికి ఆరగింపగుచున్నదని ఆ గంటకు అర్థము. ఖాళీ కుండల నడుమ కూర్చున్న ఆండాళమ్మ ఆ ధ్వని వినెను, భర్తవంక చూచెను. నీ భక్తుడు ఇచట పస్తుండగా నీవు అచట ఆరగించుచున్నావా స్వామీ యని ఆమె మనసున ఒక్క తలపు మెదలెను. పెదవి కదలలేదు. తనకు ఆకలియని అనుకొనలేదు. అన్నము పెట్టుమని అడుగనుకూడ లేదు.

కొంతసేపటికి వీధిలో వాద్యధ్వని వినబడెను. స్వామి ఆజ్ఞయైనదని చెప్పుచు ఉత్తమనంబి ఆలయ మర్యాదలతో అరవణ ప్రసాదమును తెచ్చి గుమ్మమున నిలిచిరి. కూరేశులు ఉలికిపడిరి. ఈ అకాల అనుగ్రహమునకు కారణమేమని విచారించి ఇల్లాలివైపు తిరిగిరి. నీవేమైన తలంచితివా యని అడుగగా ఆమె దాచక చెప్పెను. ఆయన నొచ్చుకొనిరి. తన బిడ్డకు ఎప్పుడు ఏమి పెట్టవలెనో తల్లికి తెలియదా, ఆమెకు గుర్తుచేయుట తగునా యని ఆయన భావము. స్వామిని తమ పూట బత్తెమునకై శ్రమపెట్టితిమన్న బాధ వారిని ఆకలికంటె ఎక్కువగా కాల్చెను. వచ్చిన ప్రసాదమును నిరాకరించుట అపచారము కనుక రెండు పిడికిళ్ళు మాత్రము గ్రహించి, తాను కొంచెము స్వీకరించి, శేషమును ఆండాళమ్మకు ఒసగిరి. సిద్ధాంతమున కూరేశుల మాట తిరుగులేనిది. కాని ఆ రాత్రి ఆ యిల్లాలి మూగ తలపును స్వామి తప్పుగా ఎంచలేదనుటకు ఆ వాద్యధ్వనియే సాక్షి. ఆ ప్రసాద మహిమచేతనే వారికి ఇద్దరు కుమారులు కలిగిరని సంప్రదాయము. యామునాచార్యుల చరమశరీరము చెంత తాను చేసిన ప్రతిజ్ఞను అనుసరించి శ్రీరామానుజులు వారికి పరాశరుడనియు వేదవ్యాసుడనియు నామకరణము చేసిరి. విష్ణుసహస్రనామములకు భగవద్గుణదర్పణమను భాష్యమును రచించిన పరాశరభట్టరు వీరే.

పుత్రులు పెరిగిరి. ఇంటి స్థితి మారలేదు. పెండ్లియీడు దాటుచున్నదని తల్లికి దిగులు కలిగి, సంబంధములు చూడుమని భర్తను హెచ్చరించెను. ఇది ఈశ్వరుని కుటుంబము, దీని భారమునకై మనము కరగిపోవనేల యని కూరేశులు నవ్వి ఊరకొనిరి. మరునాడు సన్నిధికి పోగా, ఏదియో చెప్పదలచినట్లున్నావని స్వామియే అర్చకముఖమున ప్రశ్నించెనట. పిల్లలకు వివాహము కావలెనని ఇతరులు అనుకొనుచున్నారని మాత్రమే కూరేశులు విన్నవించిరి. కోరిక తమదని చెప్పినచో అది అడుగుటయగును. ఏమియు లేదన్నచో అసత్యమగును. ఆ యిరుకు సందునుండి వారు చమత్కారముగ బయటపడిన తీరు గమనింపదగినది. వివాహములు స్వామి సంకల్పమున జరిగినవి.

ఈ చమత్కారమే వారి జీవితమున అతి ఘోరమైన ఘడియలోను వారిని విడువలేదు. సంప్రదాయము క్రిమికంఠుడని పేర్కొను చోళరాజు శ్రీరామానుజులను తన సభకు పట్టితెమ్మని భటులను పంపెను. ఈ రాజు చరిత్రలోని ఏ చోళుడన్న విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. ఆచార్యులను కాపాడుటకై కూరేశులు వారి కాషాయమును, త్రిదండమును తాము ధరించి, వృద్ధులైన మహాపూర్ణులతో కూడి సభకు వెడలిరి. శ్రీరామానుజులు తెల్లని వస్త్రములు ధరించి పశ్చిమదిశగా తరలిపోయిరి. శివునికంటె మించినది లేదని వ్రాసిన పత్రముపై చేవ్రాలు చేయుమని రాజు నిర్బంధించెను. శివమనునది ధాన్యపు కొలతలలో ఒక దాని పేరు కూడ. ద్రోణము దానికంటె పెద్ద కొలత. కూరేశులు కలము తీసికొని, శివమునకంటె ద్రోణము పెద్దదికదా యని దానిక్రింద వ్రాసిరి. దైవనింద కాదిది. కత్తి మెడపై నున్నపుడు ఒక పండితుడు ఆడిన నవ్వులాట. పిడికెడు గింజలకు వీధులు తిరిగిన ఆ గృహస్థునకు, ప్రాణము పోవు వేళ గింజలు కొలుచు కుంచమే నోటికి వచ్చుట ఎంత సహజము!

రాజు మండిపడెను. వేషధారిని కూరేశులుగా గుర్తించి చూపినవాడు ఆ సభలోనున్న నాలూరానను వారి శిష్యుడే. కన్నులు పెకలింపుమని ఆజ్ఞయయ్యెను. నిన్ను చూచిన ఈ కన్నులు నాకు వలదని కూరేశులు తమ గోళ్ళతో తామే వానిని పెరికివైచిరని గురుపరంపర చెప్పును. మహాపూర్ణులకును అదే శిక్ష పడెను. 105 సంవత్సరముల వృద్ధులైన ఆయన ఆ బాధను సహింపలేక దారిలోనే పరమపదించిరి. కూరేశులు చూపులేనివారై ఇంటికి చేరిరి.

ఆలయద్వారమున మరియొక పరీక్ష ఎదురయ్యెను. రామానుజ సంబంధము కలవారిని లోనికి విడువరాదని కట్టడి. ద్వారపాలకులలో ఒకడు, వీరు సద్గుణసంపన్నులు కనుక పోనీయవచ్చుననెను. కూరేశులు వెనుకకు మరలిరి. తన గుణముల పేరిట, ఆచార్యసంబంధము లేనివానివలె, స్వామిని దర్శించుట వారికి సమ్మతము కాలేదు. చూపు పోయినను చెదరని ఆ హృదయము ఆ గడప యొద్ద మాత్రము నొచ్చుకొనెను. పిమ్మట కుటుంబముతో మధుర సమీపమునందలి తిరుమాలిరుంజోలైకి పోయి, అచటి స్వామిపై సుందరబాహుస్తవమును రచించిరి. ఆ స్తోత్రము సుందరబాహుస్వామి అవయవసౌందర్యమును వర్ణించును. వర్ణించినవారు నేత్రహీనులు!

పండ్రెండేండ్ల పిదప, చోళుని బెడద తొలగగా, శ్రీరామానుజులు మేలుకోట ప్రాంతమునుండి శ్రీరంగమునకు మరలివచ్చిరి. కన్నులు లేని శిష్యుని చూచి గురువు కంటతడి పెట్టిరి. కూరేశులే వారిని ఊరడించిరి. ఎన్నడో ఒక భాగవతుని ఊర్ధ్వపుండ్రము వంకరగా ఉన్నదని తలచియుందును, దానికి ఇది ఫలమై యుండునని తేలికగా పలికిరి. కంచికి పోయి వరదరాజస్వామిని స్తుతించి కన్నులు అడుగుమని యతిరాజులు ఆజ్ఞాపించిరి. స్తవము పూర్తియైనది. వరము కోరుకొమ్మని స్వామి అనుగ్రహించెను. కూరేశులు తనకు లభించు సద్గతి నాలూరానునకును లభింపవలెనని కోరిరి. తన్ను పట్టియిచ్చినవాని కొరకు ఆ వరమును వ్యయము చేసిరి! గురువు తన ఆజ్ఞ నెరవేరలేదని కోపింతురో, శిష్యుని హృదయమునకు మురియుదురో తెలియని సంకటమిది. రామానుజులు మురిసిరనియే చరిత్ర చెప్పుచున్నది.

కొంతకాలమునకు కూరేశులు శ్రీరంగనాథుని సన్నిధిలో పరమపదమును యాచించిరి. అదియొక్కటియే తమ కొరకు వారు అడిగినది. తనకంటె ముందు పోవుట తగునాయని రామానుజులు దుఃఖింపగా, వెనుక రానున్న ఆచార్యునకు అచట ఎదురేగి స్వాగతము పలుకవలదాయని సమాధానము చెప్పిరి.

పుత్రులకు వారు పంచియిచ్చిన ఆస్తి లేదు. ఆండాళమ్మ ఆ పిదపను జీవించెను. పరాశరభట్టరు యతిరాజుల అనంతరము సంప్రదాయమునకు నాయకులై వెలుగుట కన్నులార చూచెను. భట్టరు దీర్ఘాయువులు కారు. తల్లి బ్రతికియుండగనే ఆయనయు పరమపదమునకు వెడలిరి. కుమారుడు తండ్రిని చేరబోవుచున్నాడని చెప్పి, ఆ వృద్ధమాత ఆయనను ఆశీర్వదించి సాగనంపెనని పెద్దల మాట.