పాతిక డాలర్ల జరిమానా, 125 ఏళ్ల మచ్చ: హోమర్ ప్లెస్సీ కథ

హోమర్ ప్లెస్సీ పెద్ద నాయకుడు కాదు, వకీలు కాదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో బూట్లు కుట్టుకుని బతికిన మామూలు మనిషి. అయినా ఆ దేశంలో లా చదివే ప్రతి విద్యార్థికీ ఆయన పేరు తెలుసు. కోర్టు రికార్డులో మాత్రం ఆయన చాలాకాలం నేరస్థుడిగానే ఉండిపోయాడు.

ప్లెస్సీ 1863 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి వడ్రంగి, తల్లి బట్టలు కుట్టేది. వాళ్లది ఫ్రెంచి మాట్లాడే క్రియోల్ కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. ప్లెస్సీ పెద్దయ్యాక బూట్ల పనిలో చేరాడు. 1888లో లూయిజ్ అనే అమ్మాయితో నికా... అదే, వాళ్ల చర్చి పద్ధతిలో పెళ్లి అయింది. మన బస్తీల్లో కుర్రాళ్లు కమిటీలు పెట్టుకున్నట్టే, పిల్లలకు మంచి బడులు కావాలని పనిచేసే ఒక సంఘంలో ఆయన కూడా ఉండేవాడు.

1890లో లూసియానా రాష్ట్రం ఒక చట్టం చేసింది. రైళ్లలో తెల్లవాళ్లకు ఒక పెట్టె, నల్లవాళ్లకు వేరే పెట్టె. తప్పితే 25 డాలర్ల జరిమానా, లేదంటే 20 రోజుల జైలు. ఈ చట్టాన్ని కోర్టులో ఎదిరించాలని నగరంలోని పౌరులు 1891లో ఒక కమిటీ కట్టారు, చందాలు పోగుచేశారు. చట్టం తప్పని తేల్చాలంటే ముందు ఎవరో ఒకరు దాని కింద అరెస్టు కావాలి. అందుకు ప్లెస్సీ ముందుకొచ్చాడు. ఆయన ముత్తాతలు, ముత్తవ్వలు ఎనిమిది మందిలో ఒక్కరే ఆఫ్రికా మూలాలవారు. చూస్తే తెల్లవాడిలాగే ఉండేవాడు.

1892 జూన్ 7న ప్లెస్సీ కోవింగ్టన్ వెళ్లే రైలుకు ఫస్ట్ క్లాస్ టికెట్ కొని తెల్లవాళ్ల పెట్టెలో కూర్చున్నాడు. కండక్టర్ అడిగితే తన జాతి సంగతి దాచలేదు, లేచి వెళ్లనూ లేదు. డిటెక్టివ్ వచ్చి పట్టుకున్నాడు. ఆ డిటెక్టివ్‌ను కూడా కమిటీయే ముందుగా మాట్లాడి పెట్టుకుంది. వేరే ఏదో చిల్లర కేసు కాకుండా, సరిగ్గా ఈ చట్టం కిందే కేసు పడాలన్నది వాళ్ల ఆలోచన. ప్లెస్సీ 500 డాలర్ల బెయిలు మీద బయటికొచ్చాడు.

ఇది రాష్ట్రం పెట్టిన క్రిమినల్ కేసు. కానీ ప్లెస్సీ వకీళ్లు తాను రైలెక్కాడా లేదా అని వాదించలేదు. చట్టమే రాజ్యాంగానికి విరుద్ధం అన్నారు. జడ్జి జాన్ హోవర్డ్ ఫెర్గూసన్ ఒప్పుకోలేదు. రాష్ట్ర సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు. చివరికి 1896 మే 18న అమెరికా సుప్రీంకోర్టు 7-1 తేడాతో ప్లెస్సీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. వేరుగా ఉంచినా సమానంగా ఉంచితే చాలని ఆ తీర్పు సారాంశం. జస్టిస్ హార్లన్ ఒక్కడే కాదన్నాడు. ఆ తీర్పు నీడలో బడులు, బస్సులు, ఆసుపత్రులు అన్నీ దశాబ్దాల పాటు రంగును బట్టి విడిపోయాయి.

ఆ తర్వాత కేసు మళ్లీ కింది కోర్టుకు వచ్చింది. 1897 జనవరి 11న ప్లెస్సీ నేరం ఒప్పుకుని 25 డాలర్లు కట్టాడు. కమిటీ కూడా విడిపోయింది. తర్వాతి రోజుల్లో ఆయన బీమా కంపెనీకి ప్రీమియంలు వసూలు చేసుకుంటూ బతికాడు. 1925 మార్చి 1న కన్నుమూశాడు. తాను ఓడిపోయిన కేసు ఎప్పటికైనా తిరగబడుతుందని ఆయనకు తెలిసే అవకాశమే లేకపోయింది. 1954లో సుప్రీంకోర్టు బడుల విషయంలో ఆ సూత్రాన్ని కొట్టేసింది.

సూత్రం పోయినా ప్లెస్సీ శిక్ష రికార్డులో అలాగే ఉంది. జాతి వివక్ష చట్టాల కింద శిక్ష పడినవారికి క్షమాభిక్ష ఇవ్వడానికి 2006లో లూసియానా ఒక చట్టం చేసింది. దాని ఆధారంగా 2021 నవంబరులో రాష్ట్ర క్షమాభిక్ష బోర్డు ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. 2022 జనవరి 5న, ప్లెస్సీని అరెస్టు చేసిన చోటికి దగ్గర్లోనే, గవర్నర్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్ సంతకం పెట్టారు. ప్లెస్సీ బంధువుల వంశం వారూ, జడ్జి ఫెర్గూసన్ వంశం వారూ కలిసి అప్పటికే ఒక ఫౌండేషన్ నడుపుతున్నారు. నేరం ఒప్పుకున్న రోజు నుంచి మాఫీ దాకా దాదాపు 125 ఏళ్లు పట్టింది.

ఈ కథలో మన ఇళ్లకు పనికొచ్చే సంగతులున్నాయి. కేసు పెట్టడం వేరు, నేరం రుజువు కావడం వేరు. పెట్టిన కేసు కొట్టేస్తే అది శిక్ష కాదు. కానీ చిన్న జరిమానాయే కదా అని నేరం ఒప్పుకుంటే అది శిక్ష కిందే లెక్క. ప్లెస్సీ కట్టింది పాతిక డాలర్లే.

అమెరికాలో రాష్ట్ర కేసుకు క్షమాభిక్ష ఆ రాష్ట్రమే ఇవ్వాలి, అధ్యక్షుడు ఇవ్వలేడు. ఆయన చెయ్యి ఫెడరల్ కేసుల దాకానే. క్షమాభిక్ష వేరు, రికార్డు చెరిపించుకోవడం వేరు. మాఫీ దొరికినంత మాత్రాన పాత తీర్పు కాగితం మాయమైపోదు. మన దేశంలోనూ 72వ అధికరణం కింద రాష్ట్రపతి, 161వ అధికరణం కింద గవర్నర్ క్షమాభిక్ష ఇవ్వగలరు. అయితే దానివల్ల కోర్టు తీర్పు మారిపోదని సుప్రీంకోర్టు 1988లో కేహర్ సింగ్ కేసులో చెప్పింది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. రాష్ట్రం చెరిపేసిన శిక్షను కూడా ఇమ్మిగ్రేషన్ వాళ్లు సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి షాపులోనో, రోడ్డు మీదో చిన్న కేసు పడినా, తొందరగా వదిలించుకుందామని సంతకం పెట్టకుండా ముందు క్రిమినల్, ఇమ్మిగ్రేషన్ రెండూ తెలిసిన వకీలును అడగమని చెప్పండి. ప్లెస్సీ తెలిసే ఆ మచ్చ మోశాడు, పదిమంది కోసం మోశాడు. తెలియక మోసే అవసరం మన పిల్లలకు రాకూడదు.